దొడ్డి చెట్టూ మూడు పైథాన్లూ

ఇదొక మహాగాథ. ఇందులో ఒకే పుట్టలో కాపురమున్న మూడు కొండచిలువలు ఉన్నాయి. నడివేసవిలో పొగమంచు కురిసే పచ్చని మందిరం ఉంది. నేలకొరిగిన ఒక మహావృక్షం, దాని సంతానాన్ని కాపాడమని ఆజ్ఞాపించిన రాజమాత, ఆ ఆజ్ఞను తలకెత్తుకుని ఒకే ఒక్క వేలితో కొంప ముంచిన సేనాపతి ఉన్నారు.

నిజానికి ఇంత లేదు. రాజమాత మా నాన్నమ్మ. సేనాపతి మా బాబాయి. పచ్చని మందిరం అంటే ముసునూరు వెళ్లే రోడ్డు పక్కన మా బాబాయి నడిపే మామిడి అంట్ల నర్సరీలో గ్రీన్ నెట్ షెడ్డు. కొండచిలువలు పాములు కావు. కంప్యూటర్‌లో ఉండే పైథాన్ అనే భాష తాలూకు మూడు వెర్షన్లు. అవి కరవవు. అయితే వాటిలో ఒకదాన్ని పీకేస్తే మామిడి మొక్కలు ఎండిపోతాయని ఏ కాలేజీలోనూ చెప్పరు. నాకు రోహిణీ కార్తెలో తెలిసింది.

ఆ వేసవి నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. ఇంటి నుంచి అంటే ఇంట్లోంచి కాదు. మా ఇంట్లో ఫ్యాను వేడిగాలిని ఒక మూల నుంచి ఇంకో మూలకి జాగ్రత్తగా చేరవేస్తుంది, అంతే. అందుకని పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని నర్సరీకి వెళ్లిపోయి, షెడ్డు గుమ్మంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేదాన్ని. లోపల కొన్ని నిమిషాలకోసారి పంపు చిన్నగా దగ్గేది. ఆ తర్వాత పైన గొట్టాలకున్న నాజిల్స్ అన్నీ ఒకేసారి నిట్టూర్చినట్టు సన్నటి మంచు వదిలేవి. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల కార్తీకమాసపు తెల్లారుజాము నడుస్తుండేది. ఆకుపచ్చ నెట్‌లోంచి దిగిన ఎండకి మనుషులంతా లేత మామిడాకు రంగులో కనిపించేవారు. కనురెప్పల మీద నీటి పొడి వాలేది. తడిసిన ఎర్రమట్టి వాసన, దూరంగా ఎవరిదో ట్రాక్టరు, దానికంటే దూరంగా ఆఫీసు మీటింగులో ఎవరో అంటున్న మాటలు. అన్నీ నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నట్టుండేవి. ఆ మీటింగుల్లో నేను చాలాసార్లు తల ఊపాను. దేనికి ఊపానో నాకిప్పటికీ తెలీదు. కెమెరా ఆపేసి ఉంటుంది కాబట్టి వాళ్లకీ తెలీదు.

ఆ షెడ్డులో ఓ చివర, మిగతా వరసలకి కాస్త ఎడంగా, దొడ్డి చెట్టు అంట్లు ఉండేవి.

దొడ్డి చెట్టు అంటే మా పశువుల దొడ్డి వెనకాల ఉండే రసం మామిడి. చిన్న రసమా అంటే కాస్త పెద్దది, పెద్ద రసమా అంటే కాస్త చిన్నది. తొక్క మీద చిన్న చిన్న చుక్కలు, లోపల పీచు తక్కువ, తాగితే గొంతు గరగరలాడదు. నర్సరీ పెట్టిన మనిషి అయ్యుండి మా బాబాయి దానికి పేరు పెట్టలేదు. తాతయ్య పెట్టలేదు కాబట్టి తనూ పెట్టలేదు. నాన్నమ్మ మాత్రం వేసవంతా ఇంకే కాయా ముట్టుకునేది కాదు. బంగినపల్లి ముక్కలు కోసి పెడితే, "అది చుట్టాలకి పెట్టండే, చూడ్డానికి బాగుంటది," అనేది.

ఆ చెట్టు వైశాఖంలో వచ్చిన గాలివానకి వేళ్లతో సహా పడిపోయింది. కాయతో పడింది. పొద్దున్న చూస్తే దొడ్డి గోడ మీద చెయ్యేసుకుని పడుకున్నట్టుంది. నాన్నమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది, ఏడవలేదు, గంభీరంగా ఏమీ అనలేదు. "ఒరేయ్, పుల్లలు కొయ్యి," అంది బాబాయితో. "ఆకులు వాడకముందే కొయ్యి. నీ నర్సరీ ఇన్నాళ్లూ పరాయివాళ్ల చెట్లకేగా అక్కరకొచ్చింది."

అంటు కట్టడం గురించి తెలియనివారికి ఒక్క మాట. టెంక నాటితే మొలిచిన మొక్క ఒకటుంటుంది, మొండిది, వేళ్లు బలంగా ఉంటాయి, కాయ ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి. దాని తల కోసి, నడిమికి చీల్చి, మనకి కావలసిన చెట్టు పుల్లని చివర చెక్కి ఆ చీలికలోకి దించి, ప్లాస్టిక్ రిబ్బన్‌తో గట్టిగా చుడతారు. కింద వేరు టెంక మొక్కది, పైన కాపు మంచి చెట్టుది. రెండూ అతుక్కునేదాకా పైపుల్లకి నీళ్లు అందవు కాబట్టి గాలిలోనే తేమ ఉండాలి. చాలామంది పుల్లకి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. మా బాబాయి తొడగడు. ఆయనకి తన మిస్ట్ షెడ్డంటే గర్వం. కవరు తొడిగితే మిస్ట్‌కి అవమానమని ఆయన అభిప్రాయం.

అసలైతే పుల్లని కొయ్యడానికి ముందే చెట్టు మీద ఆకులు తుంచి కొన్నాళ్లు సిద్ధం చెయ్యాలి. పడిపోయిన చెట్టు అంత వ్యవధి ఇవ్వలేదు. "చూద్దాం," అన్నాడు బాబాయి అంట్లు కట్టడం అయ్యాక. మా బాబాయి 'చూద్దాం' అన్నాడంటే నమ్మకం లేదని అర్థం. నాన్నమ్మకి కూడా ఆ అర్థం తెలుసు. చెట్టు మొద్దులు అప్పటికే అడితికి వెళ్లిపోయాయి. ఇక మిగిలింది రిబ్బన్లు చుట్టిన ఆ పుల్లలే.

ఇప్పుడు కొండచిలువల దగ్గరికి వస్తాను.

షెడ్డులో మంచు ఎప్పుడు కురవాలో నిర్ణయించేది ఒక బుల్లి కంప్యూటర్. అగరొత్తుల డబ్బా కంటే పెద్దది కాదు. గోడకి మేకు కొట్టి, పైన వాన పడకుండా బిస్కట్ డబ్బా మూత వంచి కట్టారు. చాలా ఏళ్ల కిందట ఎవరో వచ్చి అమర్చి వెళ్లారు. వాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో, ఈ వ్యాపారంలోనే ఉన్నారో లేదో తెలీదు. గాలిలో తేమ ఎంతుందో చూసి, తగ్గితే పంపు వెయ్యమని చెప్పే చిన్న ప్రోగ్రాం వాళ్లు పైథాన్‌లో రాశారు. అప్పటి పైథాన్‌లో.

ప్రోగ్రాం అంటే కాగితం మీద రాసిన పాఠం లాంటిది. కంప్యూటర్‌కి దాన్ని చదివి వినిపించేవాడొకడు కావాలి, ఇంటర్‌ప్రెటర్ అంటారు. చిక్కేంటంటే, పాత పాఠాన్ని పాత పంతులే చదవాలి. కొత్త పంతులు అదే బడివాడే, ఇంటిపేరూ అదే, అయినా మొదటి వాక్యంలోనే బ్రాకెట్లు లేవని అలిగి పుస్తకం మూసేస్తాడు. అందుకని ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు ముగ్గురు పంతుళ్లని ఉంచుకోవలసి వస్తుంది. ఎవరి పాఠం వాళ్లకి ఇవ్వాలి. అంతే విషయం. దీనికి నాకు జీతం ఇస్తారు.

బాబాయికి ఓ కోరిక పుట్టింది. నూజివీడు వెళ్లినప్పుడు కూడా దొడ్డి చెట్టు అంట్లు ఫోన్‌లో కనపడాలని. ఒక చిన్న కెమెరా తెచ్చాం. దాని సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌లో ఉన్న పైథాన్లు రెండూ పనికిరావంది, ఇంకా కొత్తది కావాలంది. సరే అని ఓ మధ్యాహ్నం మూడోదాన్ని ఎక్కించాను. ఆ బుల్లి కంప్యూటర్ దాన్ని అరిగించుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది. ఈలోగా మంచు కురుస్తూనే ఉంది. నేను కునికిపాట్లు పడుతూ, నిద్రలో నా చేతివేళ్లకి చిగుళ్లు వస్తున్నట్టు, బాబాయి వచ్చి వాటికి రిబ్బన్ చుడుతున్నట్టు కలగన్నాను. లేచి చూస్తే చీమ కుట్టింది.

మర్నాడు పొద్దున్న, ఏ పని ఏ పైథాన్‌తో నడుస్తోందో చూద్దామని మూడింటి పేర్లూ నా ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదకి తెచ్చాను. బాబాయి టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇదేంటే, ఒకటే పేరు మూడుసార్లుంది?"

"మూడూ పైథాన్లే బాబాయ్. ఇదిగో, ఈ కింద ఉన్నది పాతది. పైది నేను నిన్న ఎక్కించింది."

"మంచిది పైన ఉందిగా, మళ్లీ కింద అదెందుకు?"

"ఉండనీ. దేని పని దానిది."

"బలం లాగేస్తది."

"బలమేంటి బాబాయ్? ఇదేమన్నా మొక్కా?"

ఆయన వంగి ఆ కింద ఉన్న పేరు వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. అంటుమొక్కకి అతుకు కింద నుంచి, అంటే టెంక మొక్క నుంచి, అప్పుడప్పుడు దొంగ చిగుర్లు వస్తుంటాయి. వాటిని ఉంచితే పైపుల్లకి వెళ్లాల్సిన సారమంతా అవి తినేస్తాయి. గిల్లెయ్యాలి. అది నర్సరీవాళ్ల మొదటి పాఠం. మా బాబాయికి అది పాఠం కూడా కాదు, దురద. ఎవరి తోటలోకి వెళ్లినా వంగి అతుకు కింద చూసి గిల్లేస్తాడు. ఓసారి పెళ్లికి వెళ్లి, మండపం బయట కుండీల్లో అలంకారానికి పెట్టిన మొక్కలన్నిటినీ వరసగా గిల్లుకుంటూ వచ్చాడు. చివరి కుండీ దగ్గర ఆగి, "ఇది ప్లాస్టిక్‌ది," అన్నాడు మా పిన్నితో, మోసపోయినట్టు.

నిజమే, పాతదాన్ని తీసేస్తే దాంతో పాటు ఏమేం పోతాయో చూద్దామని నాకూ అనిపించింది. తీసెయ్యమని ఆజ్ఞ ఇస్తే, ఆ కంప్యూటర్ వెంటనే తీసెయ్యదు. ఇవిగో ఇవన్నీ పోతాయి, సరేనా అని ఒక జాబితా చూపించి మర్యాదగా అడుగుతుంది. ఆ జాబితా చూసి, వద్దని చెప్పి వచ్చెయ్యొచ్చు. అలాగే అడిగించాను. జాబితా ఇంకా సగం చదవలేదు, గేటు దగ్గర్నుంచి నాన్నమ్మ కేక వేసింది.

"ఒసేయ్, ఈ క్యారేజీ అందుకోవే, చెయ్యి కాలిపోతోంది!"

వెళ్లి అందుకున్నాను. మహా అయితే పప్పుచారు వాసన చూసినంత సేపు. తిరిగొచ్చేసరికి స్క్రీన్ మీద అక్షరాలు జలపాతంలా కిందకి దూకుతున్నాయి. బాబాయి టీ తాగుతున్నాడు.

"ఏం నొక్కావు బాబాయ్?"

"అదేదో అడిగింది. చెప్పాను."

"ఏం అడిగింది?"

"నాకేం తెలుసు? వై పెద్దక్షరం, ఎన్ చిన్నక్షరం ఉన్నాయి. పెద్దదే నొక్కాను. కింద చిగురేగా పోయేది?"

జలపాతం ఆగింది. అంతా నిశ్శబ్దం. అది మామూలు నిశ్శబ్దం కాదని ముందు నాన్నమ్మకి తెలిసింది. రోజూ మధ్యాహ్నం షెడ్డులో నవారు మంచం మీద కునుకు తీసే మనిషికి పంపు దగ్గు లాలిపాటలాంటిది. క్యారేజీ గిన్నెలు సర్దుతూ ఆగి, "ఏంటే, దగ్గలేదు?" అంది.

దగ్గలేదు. మళ్లీ దగ్గాల్సిన వేళ కూడా దాటిపోయింది. గాలిలో వేలాడుతున్న మంచు మెల్లగా పలచబడింది. నెట్ అవతల కొబ్బరిచెట్లు స్పష్టంగా కనపడటం మొదలైంది. అంత అందంగా ఎప్పుడూ కనపడలేదు. చాలా చెడ్డ సంకేతం.

ఇక్కడ తెలివైన పాఠకులు అడుగుతారు, చేత్తో పంపు స్విచ్ వెయ్యొచ్చుగా అని. చేత్తో వేసే స్విచ్ ఒకటి ఉండేది. నాన్నమ్మ కునుకు ఇంకా చల్లగా ఉండాలని ఊరికూరికే దాన్ని నొక్కి, బంగినపల్లి అంట్లన్నిటినీ తడిపి బూజు పట్టించిందని బాబాయే కిందటేడు దాని వైరు పీకించాడు. ఆ వైరు ఎక్కడిదో తెలిసిన ఎలక్ట్రీషియన్ పెళ్లికి వెళ్లాడు. ఈసారి కుండీల్లో నిజం మొక్కలున్న పెళ్లేమో నాకు తెలియదు.

"నా స్విచ్ పీకించావు," అంది నాన్నమ్మ కొడుకుతో.

"అమ్మా, ఇప్పుడదెందుకు?"

"ఇప్పుడే కావాలి కాబట్టి."

బాబాయి దొడ్డి చెట్టు వరస దగ్గరికి వెళ్లి ఒక పుల్లని వేలితో తాకి చూశాడు. ఆయన మొహంలో రంగు మారిందో, మంచు పోయాక అసలు రంగు కనిపించిందో చెప్పలేను. "అమ్మాయ్, మధ్యాహ్నం దాకా ఆగవివి," అన్నాడు. జోకు వెయ్యడానికి నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మా ఇంట్లో దాన్ని ప్రమాద సూచికగా పరిగణిస్తారు.

సరే, తడపాలి. పురుగుమందు కొట్టే డ్రమ్ములు ఉన్నాయి కానీ వాటిని లేత అంట్ల మీద వాడటానికి లేదు, ఎంత కడిగినా మందు వాసన పోదు. నాన్నమ్మ ఇంటి నుంచి ఇస్త్రీ చేసేటప్పుడు బట్టలు తడిపే సీసా తెప్పించింది. పిన్ని ఇంకో సీసా పంపింది. అద్దాలు తుడిచేది, నీలం రంగుది. ముగ్గురం వంతులేసుకుని వరసల మధ్య వంగి చుక్ చుక్ మంటూ నీళ్లు చిమ్ముతుంటే, రాజమాతా సేనాపతీ కలిసి క్షవరశాల పెట్టినట్టుంది.

అదే సమయానికి మైలవరం నుంచి ఒక రైతు బండి మీద వచ్చాడు. ఆయనకి కలెక్టర్ అంట్లు కావాలి. మా వైపు తోతాపురిని కలెక్టర్ కాయ అంటాం. బయటివాళ్లు విని కంగారు పడతారు. బండి వెనకాల అట్టపెట్టెలో కొత్త స్ప్రేయర్ ఉంది. నూజివీడులో అప్పుడే కొన్నాడట.

బాబాయి ఆయన్ని చూడలేదు. అట్టపెట్టెని చూశాడు.

"అదింకా మందు పట్టని డ్రమ్మే కదండీ?"

"సీలు కూడా విప్పలేదండి. ఏం?"

"విప్పుదామండి."

మైలవరం ఆయన మంచివాడు. ఏంటి, ఎందుకు అని అడిగాడు కానీ అడుగుతూనే చొక్కా మడిచాడు. "కంప్యూటర్‌లో పాము పోయిందండి," అన్నాడు బాబాయి. "పోతే మంచిదే కదండీ?" అన్నాడాయన. "మేమూ అలాగే అనుకున్నామండి," అంది నాన్నమ్మ.

నేను కంప్యూటర్ పని మీద కూర్చున్నాను. పోయిన పైథాన్‌ని మళ్లీ తెచ్చుకోవడం అసలైతే చిటికెలో పని. ఏ గోడౌన్ నుంచి తెచ్చుకోవాలో కంప్యూటర్‌కే తెలుసు. కాకపోతే దానికి తెలిసిన అడ్రసు ఏళ్ల నాటిది. వెళ్లి చూస్తే అక్కడ గోడౌన్ లేదు. వెర్షన్లు ముసలివైపోతే వాటిని వేరే చోటికి, పాత సామాను కొట్టులాంటి దానికి మార్చేస్తారు. ఆ కొత్త అడ్రసు వెతకాలి. వెతకాలంటే నెట్ కావాలి. షెడ్డులో వైఫై ఆ పూట రాలేదు. నా ఫోన్‌లో సిగ్నల్ ఒక్క చోటే బాగా వస్తుంది. నీళ్ల సిమెంటు ట్యాంకు మీద.

కాబట్టి ఎక్కాను. బుల్లి కంప్యూటర్‌ని గోడ నుంచి పీకి, బిస్కట్ మూతతో సహా, పవర్ బ్యాంక్ తగిలించి, ల్యాప్‌టాప్‌తో పాటు ఒళ్లో పెట్టుకుని. పైన ఎండ, కింద నీళ్ల గలగల. అక్కడి నుంచి చూస్తే అన్ని వైపులా తోటలే. ముదురాకుపచ్చ తలలన్నీ వేడిగాలిలో మెల్లగా కదులుతూ, ఒకదాని మీద ఒకటి వాలి నిద్రపోతున్నట్టున్నాయి. ఆ చెట్లలో ప్రతిదీ అంటు చెట్టే. ప్రతి దాని కిందా ఎవరికీ అక్కర్లేని, ఎవరూ పేరు అడగని టెంక మొక్క ఒకటి నిలబడి మోస్తోంది. ఒక్క క్షణం నా మనసు చాలా పెద్దదైపోయింది. కళ్లు చెమర్చాయి కూడా. తర్వాత చూసుకుంటే అది సన్‌స్క్రీన్ కంట్లోకి కారడం.

అప్పుడే ఆఫీసు కాల్ వచ్చింది. మా టీమ్ లీడ్ చాలా శాంతమైన మనిషి.

"నీ వెనకాల ఆ చప్పుడేంటి, వాన పడుతోందా?"

"వాన కాదు మేడమ్, మైలవరం నుంచి వచ్చారు."

జరిగింది చెప్పాను. అంటు, దొంగ చిగురు, వై పెద్దక్షరం, అన్నీ. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మెషీన్‌తో వచ్చిన పైథాన్‌ని ఎప్పుడూ కదపకూడదమ్మా. దాని మీద ఏవేవో ఆనుకుని ఉంటాయి. కొత్తది కావాలంటే పక్కన దాని ఫోల్డర్‌లో దాన్ని పెట్టుకోవాలి. దాని సామాను దానికే. ఒకదాని గిన్నెలు ఇంకోదానికి తగలకూడదు."

"అలాగే మేడమ్."

"ఇంకోటి. టైముకి నడవమని షెడ్యూల్ రాసి ఉంటుంది చూడు, అందులో ఉత్త పైథాన్ అని ఉంటుంది. ఏ పైథానో పూర్తి అడ్రసుతో రాయి. మొక్కలు ఎలా ఉన్నాయి?"

"చూద్దాం అన్నాడు మా బాబాయి."

"మంచిదే కదా?"

"కాదు మేడమ్."

పాత సామాను కొట్టు దొరికింది. పాత పైథాన్ దిగడం మొదలైంది. అది నెమ్మదిగా, మెట్లు దిగే ముసలాయనలా, ప్రతి మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకుంటూ దిగింది. అది దిగాక పంపుతో మాట్లాడే భాగం వేరే తెచ్చుకోవాలని తెలిసింది, అదీ పాతదానికి సరిపోయే పాతదే. దాన్నీ వెతికాను. కింద షెడ్డులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఇది ఏ రకమండీ, ఇంత ముద్దు చేస్తున్నారు?" మైలవరం ఆయన గొంతు.

"రకం లేదండి," అన్నాడు బాబాయి. "దొడ్డి వెనకాల ఉండేది."

"పేరు లేకుండా అమ్ముతారేంటి?"

"అమ్మేందుకు కాదండి." కాసేపు చుక్ చుక్. "మా అమ్మ వేరే కాయ తినదండి."

నాన్నమ్మ గొంతు వెంటనే వచ్చింది. "తినక ఏం చేస్తాను, తింటాను. నువ్వా వరస వదిలేసి ఈ వరసే మూడుసార్లు తడిపావు, చూసుకో."

నేను ట్యాంకు దిగి, కంప్యూటర్‌ని మళ్లీ గోడకి తగిలించి, మిస్ట్ ప్రోగ్రాంని పాత పైథాన్‌కి అప్పగించాను. కెమెరాకి వేరే ఫోల్డర్ చేసి కొత్తదాన్ని అందులో కూర్చోబెట్టాను. నడిమిదాన్ని ముట్టుకోలేదు. దానివైపు చూడను కూడా చూడలేదు. బాబాయి నా వెనకే నిలబడ్డాడు, ఈసారి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.

"అయితే అది చిగురు కాదన్నమాట. టెంక మొక్క."

"దాదాపు అంతే."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను బాబాయ్, దేని పని దానిదని."

"ఆ మాట కంప్యూటర్‌వాళ్లకి చెప్పేది. నాకు టెంక మొక్క అంటే సరిపోయేది."

ఆఖరి బటన్ నొక్కమని ఆయనకే చెప్పాను. నొక్కనన్నాడు. నాన్నమ్మ వచ్చి, "జరగండి," అని తన బొటనవేలితో నొక్కింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత గోడ అవతల పంపు దగ్గింది.

మంచు ముందు చివరి వరసల మీద దిగింది, తర్వాత మా మీద. మైలవరం ఆయన వీపున డ్రమ్ముతో, చేతిలో గొట్టంతో, అలాగే తలెత్తి చూస్తూ ఉండిపోయాడు. కొబ్బరిచెట్లు మళ్లీ మసకబారాయి. తర్వాత రోడ్డు పోయింది. తర్వాత గేటు, గేటు దగ్గర బండి, ఒక్కొక్కటే తెల్లటి పచ్చదనంలో కరిగిపోయాయి. చివరికి మేం నలుగురం, ఆ పుల్లలూ తప్ప లోకంలో ఇంకేమీ మిగల్లేదు. నాన్నమ్మ జుట్టు నిండా నీటి పూసలు. అలా ఎంతసేపున్నామో నాకు తెలీదు. నాన్నమ్మ తుమ్మింది. "పప్పుచారు చల్లారిపోయుంటది," అంది. అందరం వెళ్లి తిన్నాం. మైలవరం ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. అది న్యాయమే.

తర్వాత చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఎదురుచూడటం తప్ప. కొన్ని పుల్లలు పైనుంచి నల్లబడుతూ వచ్చాయి. బాబాయి రోజూ వాటిని ఏరి, ఎవరూ చూడకుండా ఎరువు గుంటలో వేసేవాడు. నాన్నమ్మ రోజూ ఎరువు గుంట దాకా నడిచి చూసి వచ్చేది. ఆ విషయం ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. నేను కెమెరాలో ఇద్దర్నీ చూసేదాన్ని. కెమెరా అంట్ల కోసం పెట్టింది, కానీ వాటి వెనకాల ఎరువు గుంట కూడా అందులో కనపడేది.

సగానికి పైగానే పోయాయి. తొలకరి పడ్డాక ఒక పొద్దున్న, మిగిలిన పుల్లల్లో ఒకదాని కొసన మొగ్గ పగిలింది. ఆ తర్వాత ఇంకొకటి, పక్కదానికి. మామిడి కొత్తాకు ముందు ఆకుపచ్చగా ఉండదు. రాగి రంగులో, తడిగా, వేలితో తాకితే అప్పుడే పుట్టిన దూడ చెవిలా మెత్తగా ఉంటుంది. బాబాయి వంగి, చాలాసేపు అతుకు కిందకి చూశాడు. అక్కడ ఒక దొంగ చిగురు కూడా ఉంది. ఆయన చెయ్యి దాని దాకా వెళ్లి ఆగింది. నా వైపు తిరిగాడు.

"ఇది గిల్లొచ్చా?"

"ఇది గిల్లొచ్చు బాబాయ్."

గిల్లాడు.

నాన్నమ్మ మంచం మీద నుంచే అడిగింది. "కాయ ఎప్పటికిరా?"

"నాలుగైదేళ్లు పడుతుందమ్మా."

మేమిద్దరం ఆవిడ వైపు చూశాం. ఇలాంటి చోట పెద్దవాళ్లు ఒక మాట అంటారు, అందరి గొంతులూ పూడుకుపోతాయి. నేను దానికి సిద్ధపడ్డాను కూడా. నాన్నమ్మ తమలపాకు తొడిమ తుంచి పారేసింది.

"సరే, అప్పటిదాకా పెద్ద రసాలే తింటాలే. వాటినీ ఎవరో ఒకరు తినాలిగా," అని గోడ వైపు తిరిగి పడుకుంది. పంపు దగ్గింది. మంచు ఆవిడ మీద, రాగి ఆకుల మీద, ఒకే మెత్తదనంతో దిగింది.

ఈ మహాగాథలో నీతి: మిస్ట్ ప్రోగ్రాం షెడ్యూల్‌లో పైథాన్ పూర్తి అడ్రసు, చివర వెర్షన్ నంబరుతో సహా రాసుకోవాలి.